సినిమా ఎలగుంది? ఒక సన్నివేశం చెప్పండి



శుక్రవారం వచ్చిందంటే మన బరంపురంలో ఒక ప్రశ్న ఊరంతా తిరుగుతుంది. టీ కొట్టు దగ్గర వినపడుతుంది. కాలేజీ గేటు దగ్గర వినపడుతుంది. పట్టు చీరల దుకాణంలో చీర మడతపెడుతూ ఒకరు అడుగుతారు. "కొత్త సినిమా ఎలగుంది?"

దానికి మనం చెప్పే జవాబులు నాలుగే నాలుగు. బాగుంది. బాగోలేదు. సూపర్. ఒకసారి చూడొచ్చు. అక్కడితో మాట అయిపోతుంది. అడిగినవాళ్లకి ఏం తెలిసింది? ఏమీ తెలియలేదు. రెండున్నర గంటలు కూర్చుని చూసొచ్చాం. నవ్వాం, కళ్లు తుడుచుకున్నాం, ఒకచోట విసుక్కున్నాం. అదంతా ఒక్క ముక్కలో కొట్టేశాం.

ఇవాళ ఆ జవాబు గురించే మాట్లాడతాను. చెప్పేది ఒకే ఒక్క సంగతి. సినిమా మీద అభిప్రాయం అడిగితే ఒక సన్నివేశం చెప్పండి, ఒక కారణం చెప్పండి. మళ్లీ చెప్తున్నాను. ఒక సన్నివేశం, ఒక కారణం. ఈ రెండూ ఉంటేనే అది అభిప్రాయం అవుతుంది.

ఇది అన్ని ఊళ్లకీ పనికొచ్చే మాటే. కానీ బరంపురానికీ, గంజాం జిల్లాకీ మరీ అవసరం. ఎందుకో చెప్తాను.

మన ఊరు ఒకప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రం అయింది. గంజాంలో ఎక్కువ భాగం, బరంపురంతో సహా, ఒడిశాలోకి వచ్చింది. ఇచ్ఛాపురం మద్రాసు వైపే ఉండిపోయింది. అదే నెల 28న మొదటి ఒడియా సినిమా 'సీతా బిబాహొ' విడుదలైంది. అప్పటికి తెలుగు టాకీ మొదలై నాలుగేళ్లు దాటింది. మొదటి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' 1932 ఫిబ్రవరి 6న వచ్చింది కదా. అంటే మన తాతల కాలం నుంచీ మనకి రెండు సినిమాలు. ఒకటి ఇంటి భాషలో, ఒకటి వీధి భాషలో. తర్వాత హిందీ కూడా కలిసింది.

రాష్ట్రం మారింది. భాష మాత్రం మారలేదు. ఇంట్లో తెలుగే మాట్లాడుకుంటున్నాం. కానీ ఒక మార్పు వచ్చింది. అది మనందరికీ తెలిసిందే. మన పిల్లల్లో చాలామందికి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవటం రాదు. బళ్లో ఒడియా నేర్చుకున్నారు, ఇంగ్లీషు నేర్చుకున్నారు. తెలుగు అక్షరం దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయారు.

ఇంట్లో పెద్దవాళ్లని అడగండి. వాళ్ల రోజుల్లో 'విజయచిత్ర' అనే సినిమా పత్రిక వచ్చేది. 1966లో మొదలైంది. తర్వాత 'జ్యోతిచిత్ర' వచ్చింది. 'సితార' వచ్చింది. ఒక పుస్తకం పది ఇళ్లు తిరిగేది. సినిమా ఎలా ఉందో అందులో చదివేవాళ్లు. చదివి, ఒప్పుకునేవాళ్లు, లేదా వాదించుకునేవాళ్లు. కొడవటిగంటి కుటుంబరావు లాంటి పెద్ద రచయిత కూడా సినిమా మీద ఎన్నో వ్యాసాలు రాశారు. సినిమా గురించి ఎలా ఆలోచించాలో అలాంటివాళ్లు మన ముందు తరాలకి నేర్పారు.

ఇవాళ ఆ పుస్తకం ఇంట్లో ఉన్నా మన పిల్లవాడు చదవలేడు. పేపర్లో వచ్చే సమీక్ష చదవలేడు. వాడికి సినిమా గురించి తెలుగులో ఏదైనా చేరాలంటే చెవి ఒక్కటే దారి. అంటే మీరు చెప్పే మాటే వాడి సమీక్ష. టీ కొట్టు దగ్గర మీరన్న మాటే వాడికి పత్రిక. అందుకే ఆ మాటని ఒక్క ముక్కతో తేల్చేయొద్దు అంటున్నాను.

ఇందులో ఇంకో మంచి కూడా ఉంది. పిల్లవాడు రోజంతా తెలుగులో ఏం మాట్లాడతాడో ఒకసారి గమనించండి. అన్నం పెట్టు. నీళ్లియ్యి. వస్తున్నా. వెళ్తున్నా. అన్నీ చిన్న మాటలే. కానీ ఒక సన్నివేశం చెప్పమని అడగండి. అప్పుడు వాడు పెద్ద వాక్యం కట్టాలి. ముందు ఏమైంది, తర్వాత ఏమైంది, ఆమె ఎందుకలా అంది, తనకెందుకు బాధేసింది. ఇవన్నీ తెలుగులో చెప్పాలి. అక్షరం రాని పిల్లవాడు తెలుగులో ఆలోచించి మాట్లాడే చోటు ఇది. ఈ చోటు మనం పోగొట్టుకోకూడదు.

సరే, ఒక సన్నివేశం, ఒక కారణం అంటే ఏమిటో ఇప్పుడు చూద్దాం.

మన ఊరి పట్టు చీర సంగతి తీసుకోండి. బరంపురం పట్టు అంటే మనకి తెలియనిదేముంది? పెళ్లికి చీర తీసుకోవటానికి వెళ్తాం. వెంట ఇంట్లో పెద్దావిడని తీసుకెళ్తాం. ఆవిడ చీర చూసి వెంటనే బాగుందని అనదు. ముందు కొంగు తిరగేస్తుంది. లోపలి వైపు దారాలు చూస్తుంది. అంచు మీద గుడి గోపురాల్లా వరసగా లేచే కుంభాలు ఒకే ఎత్తున ఉన్నాయా అని చూస్తుంది. అంచూ ఒడలూ కలిసే చోట వేలు పెట్టి రాస్తుంది. జరీని వెలుతురులోకి పట్టి చూస్తుంది. అప్పుడంటుంది. "అంచు గట్టిగా కలిసింది, తీసుకో." లేదంటే, "కుంభం ఇక్కడ వంకర పోయింది, ఇంకోటి చూపించు."

ఆవిడ చేసిందేమిటి? వేలు పెట్టి ఒక చోటు చూపించింది. ఎందుకు బాగుందో, ఎందుకు బాగోలేదో చెప్పింది. ఆ చోటు మీరూ చూడొచ్చు. ఆవిడతో ఒప్పుకోవచ్చు, కాదనొచ్చు. సినిమా అభిప్రాయం కూడా అలాగే ఉండాలి. వేలు పెట్టి ఒక చోటు చూపించాలి. ఆ చోటే సన్నివేశం. ఎందుకన్నదే కారణం.

ఇప్పుడొక సినిమా తీసుకుందాం. 'తండేల్'. 2025 ఫిబ్రవరి 7న విడుదలైంది. చందూ మొండేటి దర్శకుడు. నాగచైతన్య, సాయిపల్లవి నటించారు. దేవిశ్రీ ప్రసాద్ సంగీతం. ఈ కథకి మూలం మన పొరుగు జిల్లాలోనే ఉంది. శ్రీకాకుళం జిల్లా మత్స్యకారులు చేపల వేట కోసం గుజరాత్‌లోని వెరావల్ రేవుకి వెళ్లారు. అక్కడి బోట్ల మీద పనిచేశారు. 2018 చివర్లో పాకిస్తాన్ వాళ్లకి పట్టుబడ్డారు. కరాచీ జైల్లో ఏడాది పైగా ఉన్నారు. 2020 జనవరిలో వాఘా సరిహద్దు దగ్గర మన దేశంలో అడుగుపెట్టారు. ఇది నిజంగా జరిగిన సంగతి. దాన్ని ప్రేమకథగా అల్లి సినిమా తీశారు.

ఈ సినిమా గురించి గంజాంలో ముగ్గురు మనుషులు మాట్లాడుకుంటున్నారని అనుకుందాం.

మొదటివాడు బరంపురంలో చదువుకునే కుర్రాడు. ఎలగుందిరా అని అడిగితే "సూపర్" అంటాడు. అక్కడ వదిలిపెట్టకండి. ఏ చోట సూపర్ అని అడగండి. అప్పుడు వాడు కాస్త ఆలోచిస్తాడు. "ఆ అమ్మాయి ఈసారి వేటకి వెళ్లొద్దని అడుగుతుంది కదా. ఇతను వెళ్లిపోతాడు. తనని నమ్ముకుని బయల్దేరినవాళ్లు ఉన్నారని వెళ్తాడు. నాకు ఆమె మీదా కోపం రాలేదు, అతని మీదా కోపం రాలేదు. ఇద్దరిదీ న్యాయంగానే ఉంది." చూశారా? సూపర్ అన్న మాటలో ఇదంతా ఉంది. అడిగితేనే బయటికొచ్చింది.

రెండో మనిషి గోపాల్‌పూర్‌లో ఒక పెద్దాయన. మన తీరంలో తెలుగు మాట్లాడే మత్స్యకారులు తరతరాలుగా ఉన్నారు. ఒడియావాళ్లు వాళ్లని నోళియాలు అంటారు. ఈ పెద్దాయన సముద్రం మీదే బతికినవాడు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. ఆ రాత్రిని చూసినవాడు. ఆయన తుఫాను సన్నివేశం గురించి చెప్తాడు. "పెద్ద పెద్ద అలలు చూపించారు. చూడటానికి బాగానే ఉంది. కానీ నన్ను పట్టుకున్నది అల కాదు బాబూ. ఒడ్డున కబురు తెలియక కూర్చున్న ఆడవాళ్ల మొహాలు. ఆ రాత్రి మా ఇంటో కూడా అదే. లాంతరు ముందు పెట్టుకుని ఎవరూ మాట్లాడలేదు." ఈ మాట హైదరాబాదులో కూర్చుని సమీక్ష రాసే మనిషికి తట్టదు. గోపాల్‌పూర్‌లో పుట్టి పెరిగిన మనిషికే తడుతుంది.

మూడో మనిషి ఒక ఇల్లాలు. ఆమె భర్త సూరత్‌లో మరమగ్గాల మీద పనిచేస్తున్నాడు. గంజాం నుంచి సూరత్ వెళ్లినవాళ్లు ఎంతమందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఆమెకి సినిమా పూర్తిగా నచ్చలేదు. కారణం చెప్తుంది. "జైలు సంగతులు ఎక్కువ చూపించారు. మగవాడు దూరాన ఉన్నప్పుడు ఇంటి దగ్గర ఆడది రోజులు ఎలా నెట్టుకొస్తుందో ఇంకాస్త చూపించాల్సింది. అప్పు ఎక్కడ తెచ్చింది, కొట్లో ఏం చెప్పింది, పిల్లలడిగితే ఏం చెప్పింది. నాకు కావలసింది అది."

ముగ్గురు మాట్లాడారు. ముగ్గురివీ వేర్వేరు మాటలు. ఒకరికి నచ్చింది, ఒకరికి సగం నచ్చింది, ఒకరికి అంతగా నచ్చలేదు. అయినా ఒకరితో ఒకరికి తగువు లేదు. ఎందుకంటే ముగ్గురూ సినిమాలో ఒక చోటు చూపించి మాట్లాడారు. విన్నవాడికి ఆ సినిమాలో ఏముందో తెలిసింది. వెళ్లాలో వద్దో తానే తేల్చుకుంటాడు. ఒక సన్నివేశం, ఒక కారణం. అంతే.

ఇంకో సంగతి గమనించండి. ఆ ఇల్లాలు నచ్చలేదని చెప్పింది. కానీ సినిమాని తిట్టలేదు. తీసినవాళ్లని తిట్టలేదు. నచ్చలేదని చెప్పటానికి మాట దురుసుగా ఉండక్కర్లేదు. కారణం గట్టిగా ఉంటే చాలు.

ఇప్పుడు మన ఒడియా మిత్రుల సంగతికి వద్దాం.

బరంపురంలో తెలుగువాడి పక్కింట్లో ఒడియావాళ్లు ఉంటారు. మనం వాళ్ల సినిమాలు చూస్తాం. వాళ్లు మన సినిమాలు చూస్తారు. 2022 నవంబరు 4న 'దమన్' అనే ఒడియా సినిమా వచ్చింది. బాబుషాన్ మహంతి హీరో. మల్కన్‌గిరి కొండల్లో మలేరియాతో పోరాడిన ఒక కుర్ర డాక్టరు కథ. 2025 జూన్‌లో రజ పండుగకి 'బౌ బుట్టు భూత' వచ్చింది. అదీ బాబుషాన్ సినిమాయే. ఒడియా సినిమాకి జనం రారు అనే మాటని ఈ రెండూ తుడిచేశాయి.

మీరు 'దమన్' చూశారనుకోండి. పక్కింటి ఒడియా అన్నయ్య "కెమితి లాగిలా?", అంటే ఎలా అనిపించింది, అని అడుగుతాడు. బాగుంది అంటే ఆయన సంతోషిస్తాడు, అంతే. కానీ మీరిలా అనండి. "రోడ్డు లేని ఊరికి ఆ డాక్టరు నడిచి వెళ్తాడు కదా, ఆ నడక చూస్తుంటే మా మన్యం ఊళ్లు గుర్తొచ్చాయి." అప్పుడు ఆయన కూర్చుంటాడు. తనకి తెలిసిన ఊరి సంగతి తాను చెప్తాడు. మీరు ఒక సన్నివేశం ఇచ్చారు, ఆయన ఇంకొకటి ఇచ్చాడు. రెండు భాషల ఇరుగుపొరుగు ఒక గంట మాట్లాడుకోవటానికి ఇంతకంటే ఏం కావాలి?

ఒకే కథ రెండు భాషల్లోనూ వస్తే మనకి ఇంకా మంచి అవకాశం. 2005 సంక్రాంతికి 'నువ్వొస్తానంటే నేనొద్దంటానా' వచ్చింది. ప్రభుదేవా మొదటిసారి దర్శకత్వం చేసిన సినిమా. సిద్ధార్థ, త్రిష, శ్రీహరి నటించారు. 2009లో అదే కథ ఒడియాలో 'సునా చఢేయి మో రూపా చఢేయి' అనే పేరుతో వచ్చింది. డబ్బున్న ఇంటి కుర్రాడు. ఒళ్లు వంచి ఎరగనివాడు. చెల్లెల్ని ఇవ్వాలంటే నేల దున్ని పంట పండించి చూపించమంటాడు అన్న. ఆ పొలం సన్నివేశం ఒక్కటి తీసుకోండి. తెలుగులో ఎలా ఉంది? ఒడియాలో ఎలా ఉంది? అన్న పాత్ర ఎక్కడ మెత్తబడింది? ఎక్కడ గట్టిగా నిలబడింది? రెండు భాషలూ తెలిసినవాళ్లే ఈ పోలిక చెప్పగలరు. అంటే మనం. విజయవాడలో ఉన్నవాళ్లకి ఈ భాగ్యం లేదు. కటక్‌లో ఉన్నవాళ్లకీ లేదు. బరంపురం వాళ్లకి ఉంది. ఉన్నదాన్ని వాడుకుందాం.

ఇప్పుడు అభిమానుల సంగతి. ఈ మాట కుర్రాళ్లకి ప్రత్యేకంగా చెప్తున్నాను.

మీకు ఒక హీరో అంటే ప్రాణం. ఉండనివ్వండి. అందులో తప్పేమీ లేదు. మొదటి ఆటకి వెళ్లండి, ఈల వేయండి, కాగితాలు ఎగరేయండి. అభిమానానికి కారణం అక్కర్లేదు. కానీ అభిప్రాయానికి కారణం కావాలి. ఈ రెండింటినీ కలపకండి. మీ హీరో సినిమాలో ఒక చోటు తేలిపోయిందని చెప్తే మీ అభిమానం తగ్గిపోదు. ఎదుటివాడి హీరో ఒక చోట బాగా చేశాడని ఒప్పుకుంటే మీ జెండా కిందకి దిగిపోదు.

అలాగే వసూళ్లు. 'పుష్ప 2' 2024 డిసెంబరు 5న వచ్చింది. వారం తిరక్కుండానే ఎన్ని కోట్లు వచ్చాయని ఎంత వాదించుకున్నామో గుర్తుందా? కోట్లు సినిమా వ్యాపారం చేసేవాళ్ల లెక్క. వాళ్లకి అవసరం. మీ అప్పకీ, మీ బావకీ ఆ లెక్క దేనికి? ఇంటిల్లిపాదీ కలిసి వెళ్తే టిక్కెట్లకి ఎంతవుతుందో, వెళ్తే పిల్లలు భయపడతారేమో, ముసలాయన అంతసేపు కూర్చోగలడేమో, అది వాళ్ల లెక్క. ఆ లెక్క తేలాలంటే వాళ్లకి కావలసింది సన్నివేశం. ఫలానా చోట నెత్తురు ఎక్కువ, పిల్లలతో వెళ్తే జాగ్రత్త. ఫలానా చోట తల్లీకొడుకుల మాటలు చాలా బాగున్నాయి, అమ్మని తీసుకెళ్లు. ఇలా చెప్తే ఒక కుటుంబానికి మేలు చేసినట్టు.

ఇంకో మాట. తీర్పు చెప్పటానికి తొందరపడకండి. విశ్రాంతి సమయంలో బయటికొచ్చి ఫోన్ తీసి, సినిమా పోయింది అని నలుగురికీ పంపించేస్తాం. సగమే చూశాం కదా. మిగతా సగం చూడాలి. చూశాక ఒక పూట ఆగాలి. మర్నాడు పొద్దున్న ఏ సన్నివేశం గుర్తుందో చూసుకోవాలి. మర్నాటికి కూడా మనసులో నిలిచిన సన్నివేశమే చెప్పదగ్గ సన్నివేశం.

సన్నివేశం చెప్పమన్నారు కదా అని కథంతా చెప్పేయకూడదు. దీనికి ఒక తేలిక పద్ధతి ఉంది. విశ్రాంతికి ముందు వచ్చే సన్నివేశాన్ని ఎంచుకోండి. ఆ తర్వాత జరిగేది మీ కడుపులోనే ఉంచుకోండి. చివర ఎవరు బతికారు, ఎవరు పోయారు, ఎవరు దొంగ, ఈ మూడూ చెప్పొద్దు. అవతలివాళ్లు చూసొచ్చాక తీరిగ్గా మాట్లాడుకోవచ్చు. అప్పుడు రెండో సగం గురించి ఎంతసేపు మాట్లాడుకున్నా ఎవరికీ నష్టం లేదు.

నలుగురు మనుషులు చెప్పుకునే మాటకి ఎంత బలం ఉందో ఒక్క ఉదాహరణ చెప్తాను. 'శంకరాభరణం'. 1980 ఫిబ్రవరిలో వచ్చింది. కె. విశ్వనాథ్ తీశారు. అందులో శంకరశాస్త్రిగా నటించిన జె.వి. సోమయాజులుగారు మన పొరుగునున్న శ్రీకాకుళం జిల్లావారే. ప్రభుత్వోద్యోగం చేస్తూ నాటకాలాడినవారు. 'కన్యాశుల్కం'లో రామప్పపంతులు వేషానికి పేరుపడ్డవారు. సినిమా హీరోగా ఆయన్ని అప్పటికి ఎవరూ ఎరగరు. మొదటి రోజుల్లో హాళ్లలో జనం పలచగా ఉన్నారని ఆ సినిమా గురించి ఇప్పటికీ చెప్పుకుంటారు. తర్వాత చూసినవాళ్లు ఇంటికెళ్లి చెప్పారు. ఇంట్లోవాళ్లు పక్కింటికి చెప్పారు. ఆ నోటా ఈ నోటా పాకింది. హాళ్లు నిండాయి. జాతీయ పురస్కారం వచ్చింది. చూసొచ్చినవాళ్లు 'బాగుంది' అని ఊరుకుని ఉంటే అంత మాట పాకేదా? గురువుగారి గురించి చెప్పారు, ఆ శిష్యురాలి గురించి చెప్పారు, ఆ పాట దగ్గర తమకేమైందో చెప్పారు. అందుకే జనం కదిలారు.

ఇవాళ కూడా చిన్న సినిమాలు మన మాట కోసమే చూస్తున్నాయి. పెద్ద సినిమాకి ఊరంతా బొమ్మలు ఉంటాయి. చిన్న సినిమాకి ఏముంటుంది? 2018 సెప్టెంబరులో 'కేరాఫ్ కంచరపాలెం' వచ్చింది. వెంకటేష్ మహా దర్శకుడు. విశాఖలోని కంచరపాలెం మనుషులే అందులో ఎక్కువమంది నటించారు. పేరున్న హీరో లేడు. 2023 మార్చిలో 'బలగం' వచ్చింది. వేణు యెల్దండి తీశారు. తెలంగాణ పల్లెల్లో ఊరంతా ఒకచోట చేరి చూసి ఏడ్చారు. ఇలాంటి సినిమా మన ఊరికి వస్తే ఎన్నాళ్లుంటుంది? జనం లేకపోతే వచ్చే శుక్రవారానికి వెళ్లిపోతుంది. మీరు శనివారం చూసి ఆదివారం నలుగురికి ఒక సన్నివేశం చెప్తే, ఆ నలుగురూ వెళ్తే, దానికి ఇంకో వారం ఆయుష్షు వస్తుంది. ఎవరో పేరులేని నటుడికి అది కూడు పెడుతుంది.

సినిమా ఇప్పుడు మన దగ్గరికే వస్తోంది కూడా. 2025 మార్చిలో రాజమౌళి తన సినిమా కోసం మన ఒడిశాలోని కొరాపుట్‌కి వచ్చారు. మహేశ్‌బాబు, ప్రియాంకా చోప్రా వచ్చారు. అక్కడి కొండల్లో షూటింగ్ జరిగింది. ఆ సినిమా పేరు 'వారణాసి' అని అదే ఏడాది నవంబరులో ప్రకటించారు. ఒడిశాలో అన్నిటికంటే ఎత్తైన కొండ దేవమాలి అక్కడే ఉంది. రాజమౌళి ఆ కొండెక్కారు. అందాన్ని మెచ్చుకుంటూనే అక్కడ జనం పారేసిన చెత్త చూసి బాధపడ్డానని చెప్పారు. చూడండి, అందులోనూ పద్ధతి అదే. ఊరికే బాగుందనో బాగోలేదనో అనలేదు. ఏది బాగుందో చెప్పారు, ఏది బాగోలేదో చూపించారు. రేపు ఆ సినిమా వచ్చినప్పుడు మన కొండల్ని ఎలా చూపించారో చెప్పాల్సింది మనం. అప్పుడు కూడా 'సూపర్' అని ఊరుకోవద్దు.

చివరిగా, వినటం గురించి రెండు మాటలు.

అభిప్రాయం చెప్పటం ఎంత ముఖ్యమో అడగటం కూడా అంతే ముఖ్యం. మన ఇళ్లలో సినిమా మీద మాట్లాడేది ఎక్కువగా మగపిల్లలు. అమ్మని ఎవరూ అడగరు. నానమ్మని ఎవరూ అడగరు. ఆవిడ కూడా చూసింది. ఆవిడకీ ఒక సన్నివేశం గుర్తుంది. అడిగి చూడండి. కుర్రాళ్ల కంటికి కనపడని చోటు ఆవిడ చూపిస్తుంది. వంటింటి సన్నివేశంలో పొయ్యి మీద ఏం పెట్టారో ఆవిడ గమనిస్తుంది. కోడలు మాట్లాడకుండా ఎందుకు నిలబడిందో ఆవిడకి తెలుస్తుంది.

చిన్నపిల్లలు చెప్తున్నప్పుడు మధ్యలో ఒడియా మాట దొర్లుతుంది. ఇంగ్లీషు మాట దొర్లుతుంది. దొర్లనివ్వండి. నవ్వకండి, ఆపకండి. వాక్యం పూర్తికానివ్వండి. పూర్తయ్యాక, ఎందుకలా అనిపించిందని మెల్లగా అడగండి. వాడు ఇంకో వాక్యం చెప్తాడు. ఆ రెండో వాక్యం మొదటిదాని కంటే తెలుగుగా ఉంటుంది. ఇలా నెలకి రెండు సినిమాల గురించి మాట్లాడినా, ఏడాది తిరిగేసరికి వాడి నాలుకకి తెలుగు ఎంత దగ్గరవుతుందో మీరే చూస్తారు. తర్వాత అక్షరం నేర్పటం కూడా తేలికవుతుంది. మాట ఉన్నచోటికి అక్షరం నడిచొస్తుంది.

నేను చెప్పదలచుకున్నది ఇదే. ఇంకొక్కసారి చెప్తాను, గుర్తుంచుకోండి. సినిమా చూశాక ఒక పూట ఆగండి. మనసులో నిలిచిన ఒక సన్నివేశం ఎంచుకోండి. విశ్రాంతికి ముందుదైతే మంచిది. అది ఎందుకు నచ్చిందో, ఎందుకు నచ్చలేదో ఒక కారణం చెప్పండి. తర్వాత అవతలివాళ్లని వాళ్ల సన్నివేశం అడగండి. వాళ్లు చెప్పేది చివరిదాకా వినండి.

ఈ ఆదివారం అన్నాల దగ్గర మొదలుపెట్టండి. ఇంట్లో అందరూ ఈమధ్య చూసిన సినిమా ఒకటి తీసుకోండి. ముందు ఇంట్లో చిన్నవాళ్లని అడగండి, తర్వాత పెద్దవాళ్లని అడగండి, మీ మాట ఆఖర్న చెప్పండి. ఒక్కొక్కరూ ఒక సన్నివేశం, ఒక కారణం చెప్పాలి. తెలుగులోనే చెప్పాలి.